రాగి తీగ ఉన్న ఇల్లు కొనొచ్చా? ఎన్‌బీఎన్‌లో ఫైబర్, రాగి చర్చ

కొత్తిల్లు_మెల్‌బోర్న్ · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్ పడమటి వైపు ఒక ఇల్లు చూశాం. 1980ల నాటి ఇటుక ఇల్లు, మూడు పడక గదులు, పెరట్లో కాపుమీద ఉన్న నిమ్మచెట్టు. మా ఆవిడకి చెట్టు నచ్చింది, నాకు ధర నచ్చింది. తీరా ఎన్‌బీఎన్ (ఆస్ట్రేలియా ప్రభుత్వ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్) సైట్‌లో అడ్రస్ కొట్టి చూస్తే ఎఫ్‌టీటీఎన్, అంటే ఫైబర్ టు ద నోడ్, అని వచ్చింది. వీధిలో ఉన్న పెట్టె దాకా ఫైబర్, అక్కడి నుంచి ఇంట్లోకి పాత టెలిఫోన్ రాగి తీగ అన్నమాట.

ఇప్పుడు అద్దెకుంటున్నది కొత్త కాలనీలో. ఇంటి లోపలి దాకా ఫైబరే, కాబట్టి నెట్ గురించి ఎప్పుడూ ఆలోచించే పని పడలేదు. నేను వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తాను. మా ఆవిడ ఆన్‌లైన్‌లో పిల్లలకు కూచిపూడి నేర్పుతుంది. పెర్త్‌లో ఇద్దరు, డార్విన్‌లో ఒక అమ్మాయి, హైదరాబాద్‌లో మా అక్క కూతురు. ఆవిడ కర్రతో పీట మీద తాళం వేస్తుంటే పిల్లలు అడుగులు వేస్తారు. పోయిన నెల స్నేహితుల ఇంట్లో ఉండి, వాళ్ల రాగి కనెక్షన్ మీద క్లాసు చెప్పాల్సి వచ్చింది. తాళం ఒక చోట, అడుగు ఇంకో చోట. డార్విన్ పాప తనే తప్పు చేస్తున్నాననుకుని ఏడ్చేసింది.

రెండు విషయాలు అడగాలి. ఈ ఒక్క కారణంతో ఇల్లు వదులుకోవాలా? అసలు ఇంత డబ్బు పోసి దేశమంతా నెట్‌వర్క్ వేసినవాళ్లు చివర్లో ఆ రాగి తీగని ఎందుకు ఉంచేశారు?

5జీ_చాలు · ఆదివారం రాత్రి 9:30

ఇల్లు కొనండి సార్. నెట్ కోసం ఇల్లు వదులుకుంటారా? 5జీ హోమ్ ఇంటర్నెట్ పెట్టుకోండి. మేం రెండేళ్లుగా అదే వాడుతున్నాం, తీగ గొడవే లేదు.

కొత్తిల్లు_మెల్‌బోర్న్ · ఆదివారం రాత్రి 9:41

ఆలోచించాను తమ్ముడూ. కానీ క్లాసులు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య. ఆ టైంలో టవర్ కింద అందరూ ఒకేసారి వాడతారు కదా. పైగా మాకు కావాల్సింది డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్. ఆవిడ వీడియో పిల్లలకి సరిగ్గా అందాలి, అదే ముఖ్యం.

కేబుల్_జాయింటర్ · ఆదివారం రాత్రి 10:25

బాబూ, ఈ ప్రశ్నకి జవాబు రాయకుండా పడుకోలేను. నేను తెనాలి వైపు ఇరవై ఏళ్లు టెలిఫోన్ కేబుల్ జాయింటర్‌గా చేశాను. ఇక్కడికొచ్చాక కూడా కొన్నేళ్లు వీధి గుంటల్లో తీగల పనే చేశాను. రెండు దేశాల రాగినీ చేతులతో పట్టుకున్నవాణ్ణి.

ముందు ఒక మాట. రాగి చెడ్డది కాదు. దాన్ని వేసిన పని వేరు. మనిషి మాట మోయడానికి 3,400 హెర్ట్జ్ దాకా వెళ్తే చాలు. ఆ పనికి సన్నటి 0.4 మిల్లీమీటర్ల తీగ మైళ్ల దూరం పనికొచ్చింది. ఇప్పుడు ఎఫ్‌టీటీఎన్‌లో వాడే వీడీఎస్ఎల్2 అనే పద్ధతి అదే తీగ మీద 17 మెగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. అంటే ఐదు వేల రెట్లు. ఎడ్లబండి వేసుకున్న డొంకలో రైలు నడపమన్నట్టు. నడుస్తుంది, కానీ కొంచెం దూరమే. పెట్టె నుంచి 300 మీటర్లలోపు ఉంటే 100 మెగాబిట్ల దరిదాపుల్లో రావచ్చు. కిలోమీటరు దాటితే 25, 30కి దిగుతుంది. ఆ దూరం మ్యాపులో గీత గీసి కొలిచేది కాదు. తీగ ముందు పిల్లర్‌కి (వీధి తీగలన్నీ కలిసే చోటికి) పోయి, అక్కడ జంపర్ అనే చిన్న తీగతో కలిసి, వీధి వెంట తిరిగి తిరిగి మీ ఇంటికొస్తుంది. కంటికి ఎదురుగా కనపడే పెట్టె తీగ లెక్కన అరకిలోమీటరు ఉండొచ్చు.

రెండోది, ఒక్కో కేబుల్‌లో పదుల జతలు పక్కపక్కనే ఉంటాయి. పాతరోజుల్లో మన ఫోన్లో పక్కింటివాళ్ల మాటలు వినపడేవి గుర్తుందా? క్రాస్ టాక్ అనేవాళ్లం. నెట్ సిగ్నల్‌కి కూడా అదే జబ్బు. పక్క జతల గోలని లెక్కగట్టి తీసేసే వెక్టరింగ్ అనే ఉపాయం ఉంది, దాంతో కొంత మెరుగవుతుంది.

మూడోది జాయింట్లు. ఇక్కడ నా అనుభవం వినండి. తెనాలిలో నేను చేరినప్పుడు కాగితం చుట్టిన తీగలు, పైన సీసం తొడుగు. తొలకరి పడిందంటే మాకు నిద్ర ఉండేది కాదు. తొడుగులో సూదిమొన అంత చిల్లు పడినా కాగితం తేమ పీల్చేసేది, వంద లైన్లు ఒకేసారి మూగబోయేవి. జాయింట్ విప్పి, వేడి మైనం పోసి, తేమ లాగి, ఒక్కో పెయిర్‌నీ వేలితో తడిమి చూసుకుంటూ మళ్లీ కలిపేవాళ్లం. తర్వాత జెల్లీ నింపిన కేబుళ్లు వచ్చి చాలా సుఖపడ్డాం. ఇక్కడ గుంట మూత తీసిన మొదటి రోజు జాయింట్‌కి ప్లాస్టిక్ సంచీ చుట్టి ఉండటం చూశాను. ఎవరో నాలాంటివాడే వానలో నిలబడి, చేతిలో ఉన్నదాంతో ఆ పూటకి బాగు చేసి వెళ్లాడు. ఆ మనిషి మీద నాకు కోపం లేదు. ఆ సంచీ ఉన్న లైను మీద దేశం భవిష్యత్తు నడవాలి అన్నవాళ్ల మీదే నా కోపం.

లెక్కల_మనిషి · ఆదివారం రాత్రి 11:08

జాయింటర్ గారూ, మీ అనుభవానికి నమస్కారం. కానీ ఆ రోజు నిర్ణయం తీసుకున్నవాళ్ల చేతిలో ఏముందో కూడా చెప్పాలి. లేకపోతే చదివేవాళ్లకి ఇదంతా ఒక పార్టీ తప్పుగానే మిగిలిపోతుంది.

2007 ఎన్నికల్లో లేబర్ పార్టీ మాట ఇచ్చింది ఫైబర్ టు ద నోడ్‌కే. ప్రభుత్వం 470 కోట్ల డాలర్లు పెడుతుందన్నారు. టెండర్లు పిలిచారు, 2008 డిసెంబరులో పాత టెలిఫోన్ కంపెనీ టెల్‌స్ట్రాని పోటీ నుంచి తప్పించారు, మిగిలినవేవీ పనికిరావని తేలింది. అప్పుడు 2009 ఏప్రిల్‌లో ప్రధాని కెవిన్ రడ్, కమ్యూనికేషన్ల మంత్రి స్టీఫెన్ కాన్రాయ్ వచ్చి ఎన్‌బీఎన్ కంపెనీ పెట్టి 90 శాతం ఇళ్లకి నేరుగా ఫైబర్ వేస్తాం, 4,300 కోట్ల డాలర్ల దాకా అవుతుంది, ఎనిమిదేళ్లు పడుతుంది అన్నారు. తర్వాత దాన్ని 93 శాతం చేశారు. మిగతావాళ్లకి ఫిక్స్‌డ్ వైర్‌లెస్ (టవర్ నుంచి ఇంటికి రేడియో మీద నెట్), శాటిలైట్.

మాట గొప్పది. జరిగిందేమిటి? 2010లో టాస్మేనియాలో మొదలైంది. 2011లో టెల్‌స్ట్రాతో దాదాపు 1,100 కోట్ల డాలర్ల ఒప్పందం, వాళ్ల గొట్టాలు, గుంటలు వాడుకోవడానికి, వాళ్ల కస్టమర్లని ఇటు మార్చడానికి. 2013లో ఆ గుంటల్లో ఆస్బెస్టాస్ బయటపడి పనులు ఆగాయి. 2013 మధ్య నాటికి ఫైబర్ చేరింది రెండు లక్షల ఇళ్ల ముందుకి, కోటికి పైగా ఉన్న దేశంలో. అప్పుడు ఏడీఎస్ఎల్ (రాగి ఫోన్ లైను మీది పాత బ్రాడ్‌బ్యాండ్) కూడా దొరకని వీధులు ఎన్నో ఉన్నాయి. వాళ్లకి "ఆగండి, పదేళ్లలో గొప్పది వస్తుంది" అని చెప్పడం న్యాయమా? 25 మెగాబిట్లు త్వరగా అందరికీ ఇద్దాం, 2,950 కోట్లలో అవుతుంది అని అప్పటి ప్రతిపక్ష కూటమి నేతలు టోనీ ఆబట్, మాల్కమ్ టర్న్‌బుల్ 2013 ఎన్నికల ముందు అన్నప్పుడు దానికి అర్థం ఉంది. ఆకలిగా ఉన్నవాడికి ముందు గంజి పోయాలి, విందు తర్వాత.

కేబుల్_జాయింటర్ · సోమవారం ఉదయం 6:15

శర్మ గారో రెడ్డి గారో తెలియదు కానీ మీరు మర్యాదగా రాశారు, నేనూ అలాగే రాస్తాను.

గంజి పోయడం తప్పని ఎవరూ అనరు. కానీ ఆ 2,950 కోట్లు ఎక్కడ ఆగాయి? గెలిచిన నెలల్లోనే, 2013 డిసెంబరు సమీక్షలో 4,100 కోట్లన్నారు. చివరికి 5,000 కోట్లు దాటింది. అదీ కాక 2020 సెప్టెంబరులో అదే ప్రభుత్వం, పాల్ ఫ్లెచర్ మంత్రిగా ఉండగా, 450 కోట్లతో అప్‌గ్రేడ్ ప్రకటించింది. అందులో పెద్ద వాటా రాగి ఉన్న వీధుల్లోకి మళ్లీ ఫైబర్ తీసుకెళ్లడానికే. 2022లో లేబర్ ఇంకో 240 కోట్లు, 15 లక్షల ఇళ్ల కోసం. 2025 జనవరిలో మిగిలిన 6,22,000 ఎఫ్‌టీటీఎన్ ఇళ్ల కోసం ప్రభుత్వం ఇంకో 300 కోట్ల దాకా ఇస్తామంది. 2030 చివరికి పూర్తవుతుందట.

మీరు లెక్కల మనిషి, నేను తీగ మనిషిని. నాకు తెలిసిన లెక్క ఒక్కటే. ఏ కేబుల్ పనిలోనూ అసలు ఖర్చు కేబుల్‌ది కాదు. ఇద్దరు మనుషులు, ఒక బండి, రోడ్డు పక్కన కోన్లు పెట్టడం, మూత తీయడం, గొట్టం మూసుకుపోతే తవ్వడం, ఇంటివాళ్లు ఉన్న టైం చూసుకుని తలుపు కొట్టడం. అందులో పెట్టేది గాజు పోగైనా రాగి తీగైనా ఆ మనుషుల కూలి అంతే. ఒక వీధికి రెండుసార్లు వెళ్తే రెండుసార్లు కూలి ఇవ్వాలి. 2015, 16లో పెట్టిన ఆ ఆకుపచ్చ పెట్టెలు, వాటికిచ్చిన కరెంటు లైన్లు, లోపలి బ్యాటరీలు, అన్నీ ఇప్పుడు తీసేసే సరుకే కదా.

లెక్కల_మనిషి · సోమవారం ఉదయం 8:02

ఖర్చు పెరిగింది, ఒప్పుకుంటాను. కానీ అదే సమీక్ష పాత ఫైబర్ పథకం కొనసాగిస్తే 7,300 కోట్లు అవుతుందని కూడా అంచనా వేసింది. అది కాస్త పెద్దది చేసి చూపించిన అంకె అని వాదించినవాళ్లున్నారు. అయినా 4,300లో అయిపోయేదని కూడా ఎవరూ నిరూపించలేరు.

ఇంకోటి. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి దేశం మొత్తం ఒక్క వారంలో ఇంటి నుంచి పనికి మారినప్పుడు, చాలా ఇళ్లు ఆ రాగి మీదే నడిచాయి. మా ఇల్లు అందులో ఒకటి. ఇద్దరు పిల్లల స్కూలు, నా ఆఫీసు, అన్నీ 48 మెగాబిట్ల మీదే గడిచాయి. ఫైబర్ కోసం ఎదురుచూసే వరసలో చివర ఉండి ఉంటే ఆ ఏడాది మా పిల్లల చదువు ఏమయ్యేదో! అందుకే నేను ఆ గంజిని తక్కువ చేసి మాట్లాడలేను.

ఆక్లాండ్_అక్క · సోమవారం మధ్యాహ్నం 12:40

సముద్రం అవతలి నుంచి ఒక మాట. మా న్యూజిలాండ్‌లో ఇదే సమయంలో ఇదే ప్రశ్న వచ్చింది. ఇక్కడ తీగ ఎంచుకోవడంతో ఆగలేదు, కంపెనీని కూడా విడదీశారు. 2011 చివర్లో టెలికాం న్యూజిలాండ్ నుంచి తీగలు చూసే భాగాన్ని కోరస్ అని వేరు చేశారు. రాగి మీద వ్యాపారం చేసుకునే సంస్థే ఫైబర్ వేయాల్సి వస్తే రాగిని వదలడానికి మనసు రాదు కదా. విడిపోయాక కోరస్‌కి ఫైబర్ వేయడమే పెద్ద పని అయింది. కొన్ని ఊళ్లలో స్థానిక కంపెనీలకిచ్చారు. 2022 చివరికి పూర్తయింది, జనాభాలో 87 శాతానికి ఫైబర్.

దేశం చిన్నది, నిజమే. కానీ మధ్యలో ఎన్నికలొచ్చి ప్రభుత్వం మారినా పథకం మారలేదు. మా ఆయన ఎప్పుడూ అంటారు, ఇక్కడ ఫైబర్ గురించి ఎవరూ మాట్లాడుకోరు, నల్లా నీళ్ల గురించి మాట్లాడుకోనట్టే.

కోనసీమ_కుర్రాడు · సోమవారం మధ్యాహ్నం 1:15

మా ఊళ్లో అసలు ఈ వాదనే రాలేదు, ఎందుకంటే వాదించుకోవడానికి రాగి ఉండాలి కదా. ల్యాండ్‌లైన్ ఉన్న ఇళ్లు వీధికి ఒకటి. ఏపీ ఫైబర్‌నెట్ వాళ్లు కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగారు, దాదాపు 24,000 కిలోమీటర్లు. తవ్వకం లేదు కాబట్టి త్వరగా, చవగ్గా అయింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించారు, నెలకి 149 రూపాయల నుంచి. తెలంగాణలో అయితే మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టం కూడా వేశారు. జాయింటర్ గారు చెప్పిన కూలి లెక్క అక్కడ ఎవరికో బాగా అర్థమైంది.

కష్టం కూడా చెప్పాలి. స్తంభం మీద తీగ తుపానుకి లోకువ. కొబ్బరిచెట్టు పడితే కరెంటూ నెట్టూ కలిసి పోతాయి.

సిడ్నీ_నర్స్ · సోమవారం రాత్రి 8:50

కరెంటు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మీరంతా స్పీడ్ గురించి మాట్లాడుతున్నారు. నేను ఇళ్లకి వెళ్లి ముసలివాళ్లని చూసే నర్సుని. పాత రాగి ఫోన్‌లో ఒక గొప్ప గుణం ఉండేది. ఎక్స్ఛేంజీ నుంచే 48 వోల్టుల కరెంటు తీగలో వచ్చేది, అక్కడ బ్యాటరీలు ఉండేవి. ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ మోగేది. ఆపదలో సాయం పిలిచే బటన్ మెడలో వేసుకునే పెద్దవాళ్లకి అది ప్రాణం. ఎన్‌బీఎన్ వచ్చాక, ఫైబర్ అయినా ఎఫ్‌టీటీఎన్ అయినా, ఇంట్లో కరెంటు పోతే మోడెం పోతుంది, ఫోన్ పోతుంది. కాబట్టి "రాగి ఉంటే కరెంటు పోయినా పనిచేస్తుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ రాగి ఇప్పుడు లేదు. నేను చూసే ఒక పెద్దావిడకి 84 ఏళ్లు. తుపాను రాత్రి బటన్ నొక్కితే ఎవరూ పలకలేదు. పొద్దున నేను వెళ్లేసరికి బాత్‌రూమ్ గుమ్మంలో కూర్చుని ఉన్నారు, దెబ్బ తగల్లేదు కానీ రాత్రంతా చలిలో. అప్పటి నుంచి వెళ్లిన ప్రతి ఇంట్లో మొదట అదే అడుగుతున్నాను: మీ అలారంలో సిమ్ ఉందా, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది?

తల్లిదండ్రులు ఇక్కడ ఉన్నవాళ్లు దయచేసి ఈ వారమే చూసుకోండి.

కేబుల్_జాయింటర్ · సోమవారం రాత్రి 9:20

అమ్మా, ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మాట. నాదొకటి కలుపుతాను. ఎఫ్‌టీటీఎన్‌లో మూడు చోట్ల కరెంటు ఉండాలి: ఎక్స్ఛేంజీలో, వీధి పెట్టెలో, ఇంట్లో. నేరుగా ఫైబర్ అయితే రెండు చోట్లే. మధ్యలో ఉండేది వెలుగుని పంచే చిన్న స్ప్లిటర్, దానికి కరెంటు అక్కర్లేదు. ఇంట్లో పెట్టె, మోడెం రెండిటికీ చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే వీధంతా చీకటైనా ఫోన్ నడుస్తుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో తప్పకుండా పెట్టుకోవాలి.

ఇంకో రకం ఉంది, ఎఫ్‌టీటీసీ. ఇంటి ముందు గుంట దాకా ఫైబర్, చివరి కొన్ని మీటర్లే రాగి. అక్కడ ఇంట్లోని పెట్టె నుంచే గుంటలోని పరికరానికి రాగి తీగ ద్వారా ఎదురు కరెంటు పంపాలి. రాగి మెరుపుని కూడా లాక్కొస్తుంది. బ్లూ మౌంటెన్స్‌లో ఉరుముల వానలు పడ్డప్పుడల్లా ఇళ్లలో ఆ పెట్టెలు కాలిపోయి పెద్ద వార్తయింది. గాజుకి ఆ బాధ లేదు, పిడుగు కరెంటు దానిలో పారదు.

క్వీన్స్‌లాండ్_పశువైద్యుడు · సోమవారం రాత్రి 10:05

మీ చర్చ చదువుతుంటే బాగుంది కానీ మా వైపు ఎవరూ చూడట్లేదు. నేనుండేచోట పక్క ఇల్లు పదకొండు కిలోమీటర్లు. ఇక్కడ రాగీ లేదు, ఫైబరూ రాదు. ఎన్‌బీఎన్ వాళ్ల స్కై మస్టర్ శాటిలైట్లు 2015లో ఒకటి, 2016లో ఒకటి పైకెళ్లాయి. అవి 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, మాట పోయి రావడానికే అర సెకను దాటుతుంది. నా ఆవు ఎక్స్‌రే పంపడానికి చాలు, మీ ఆవిడ కూచిపూడి క్లాసుకి చాలదు. కిందగా తిరిగే శాటిలైట్లు వచ్చాక ఆ బాధ తగ్గింది. స్టార్‌లింక్ 2021 నుంచి ఉంది, ఎన్‌బీఎన్ కూడా అమెజాన్‌తో ఒప్పందం చేసుకుంది.

మా ప్రాంతపు టవర్ల దగ్గర ఇంకో శత్రువు కూడా ఉంది. కాకటూ పిట్టలు. ఫిక్స్‌డ్ వైర్‌లెస్ టవర్ల మీద అదనంగా చుట్టి ఉంచిన కేబుళ్లని కొరికి పారేశాయని 2017లో ఎన్‌బీఎన్ వాళ్లే చెప్పారు. వాటి ముక్కు పెరుగుతూనే ఉంటుంది, దేన్నో ఒకదాన్ని కొరుకుతూ అరగదీసుకోవాలి. వాటిని తప్పు పట్టలేం, కేబుళ్లకి తొడుగులు వేయడమే దారి.

నేను అడిగేదొక్కటే. పట్నాల్లో ఒకే వీధికి రెండుసార్లు పెట్టిన డబ్బులో కొంత మొదట్లోనే మిగిలి ఉంటే, మా చివరి మూడు శాతానికి ఇంకాస్త ముందుగా మంచిది వచ్చేది కదా?

లెక్కల_మనిషి · మంగళవారం ఉదయం 7:30

డాక్టర్ గారూ, మీ ప్రశ్న రాత్రంతా మెదిలింది. దానికి నా దగ్గర ఎదురు జవాబు లేదు. నేను గంజి అన్నది పట్నం వీధుల్ని దృష్టిలో పెట్టుకుని. గంజికి, విందుకి రెండింటికీ కట్టిన బిల్లులో మీ వాటా కూడా ఉందని నేను లెక్క వేయలేదు.

అయినా ఒక్క మాట మీద నిలబడతాను. 2013లో ఫైబర్ పనిని ఆపకుండా, నిదానంగానైనా కొనసాగిస్తూ, మరీ అధ్వాన్నంగా ఉన్న వీధులకి మాత్రం తాత్కాలికంగా నోడ్ పెట్టి ఉంటే బాగుండేది. రెండు పార్టీలూ తమ పథకమే పూర్తిగా ఉండాలన్నాయి.

కేబుల్_జాయింటర్ · మంగళవారం ఉదయం 7:52

దానికి నేనూ ఒప్పుకుంటాను.

నిర్వాహకుడు · మంగళవారం ఉదయం 9:00

చర్చ బాగుంది. ఇల్లు కొనబోయే ఆయన ప్రశ్న మరిచిపోకండి. ఆయనకి శుక్రవారం లోపు సంతకం పెట్టాలట.

కేబుల్_జాయింటర్ · మంగళవారం సాయంత్రం 6:10

నిజమే. బాబూ, సంతకం పెట్టే ముందు మూడు పనులు చెయ్యి. ఎన్‌బీఎన్ సైట్‌లోనే ఆ అడ్రస్‌కి ఫైబర్ అప్‌గ్రేడ్ ఇప్పుడే ఉందా, తర్వాత వస్తుందా అని రాసి ఉంటుంది, చూడు. ఉంటే కాస్త పెద్ద స్పీడ్ ప్లాన్ తీసుకుంటే చాలు, మామూలుగా లైను వేయడానికి డబ్బు అడగరు. రెండు, ఇప్పుడున్నవాళ్లని అడిగి మోడెంలో లైన్ స్పీడ్ ఎంత చూపిస్తోందో ఫోటో తీసుకో. వైఫై టెస్ట్ కాదు, మోడెం పేజీలో అంకె. మూడు, ఇంట్లో ఫోన్ సాకెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు.

కొత్తిల్లు_మెల్‌బోర్న్ · బుధవారం రాత్రి 9:35

సాకెట్లు లెక్కపెట్టమంటే ఎందుకో అర్థం కాలేదు, ఈరోజు అర్థమైంది. వంటగదిలో ఒకటి, హాల్లో ఒకటి, పెద్ద పడక గదిలో ఒకటి, గ్యారేజ్‌లో ఇంకోటి. గ్యారేజ్‌లోది గోడ నుంచి ఊడి వేలాడుతోంది. లోపల రెండు తీగల చివర్లు చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి, అమ్మమ్మగారింట్లో తోమని రాగి చెంబు రంగు. మోడెంలో చూపించింది 31 మెగాబిట్లు దిగువకి (డౌన్‌లోడ్), 6 ఎగువకి (అప్‌లోడ్). వీధి పెట్టె ఇంటి వంటగది కిటికీలోంచి కనపడుతుంది!

అప్‌గ్రేడ్ ఇప్పుడే ఉందని సైట్‌లో ఉంది.

కేబుల్_జాయింటర్ · బుధవారం రాత్రి 9:58

అదే నా అనుమానం. నాలుగు సాకెట్లూ ఒకే తీగకి కొమ్మల్లా కట్టి ఉంటాయి. ఖాళీ కొమ్మలోకి పోయిన సిగ్నల్ చివర తగిలి వెనక్కొచ్చి అసలు దాన్ని పాడు చేస్తుంది. ఆ కొమ్మలు విప్పేస్తే 31 కాస్తా 45 అవ్వొచ్చు. కానీ ఎగువకి మాత్రం పెద్దగా రాదు, అమ్మాయి క్లాసులకి అది చాలదు. ఫైబర్ వేయించుకో. 2025 సెప్టెంబరు నుంచి ఫైబర్, హెచ్ఎఫ్‌సీ (కేబుల్ టీవీ తీగ మీద నెట్ వచ్చే) ఇళ్లలో పాత 100 ప్లాన్‌ని 500 చేశారు, ఎగువకి 20 ఉన్నది 50 అయింది. రాగి ఇళ్లకి ఆ పెంపు లేదు, ఇవ్వాలన్నా తీగ మోయలేదు. గాజు పోగుకి ఆ హద్దు లేదు. రేపు ఇంకా పెంచాలన్నా రెండు చివర్లలో పెట్టెలు మారిస్తే చాలు, మళ్లీ వీధి తవ్వక్కర్లేదు.

ఇల్లు తీసుకో. నిమ్మచెట్టు మళ్లీ అంత పెరగాలంటే ఏళ్లు పడుతుంది.

కొత్తిల్లు_మెల్‌బోర్న్ · నాలుగు నెలల తర్వాత, శనివారం మధ్యాహ్నం 2:20

ఇల్లు తీసుకున్నాం. పోయిన మంగళవారం ఫైబర్ వేశారు. వచ్చిన ఇద్దరిలో ఒకాయన వీధి గుంట నుంచి గొట్టంలోకి ఫైబర్‌గ్లాస్ కడ్డీ తోశాడు. నిమ్మచెట్టు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. వేరు గొట్టాన్ని నొక్కేసిందట. తవ్వాలేమో, ఇంకో రోజు వస్తాం అంటారేమో అని మాకు ఒకటే టెన్షన్. ఆయన గోడ దగ్గరికెళ్లి పాత రాగి కేబుల్‌ని అటూ ఇటూ కదిపి చూశాడు. కదిలింది. దాని చివర తాడు కట్టి, రెండో ఆయన వీధిలోంచి మెల్లగా లాగాడు. రాగి బయటికి వస్తుంటే దాని వెనకే తాడు వెళ్లింది, ఆ తాడుతో ఫైబర్ ఇంట్లోకి వచ్చింది. గోడ మీద పెట్టెలో ఆప్టికల్ లైటు పచ్చగా వెలిగేసరికి మధ్యాహ్నం మూడైంది.

ఈరోజు పొద్దున క్లాసు. డార్విన్ పాప తాళానికి సరిగ్గా అడుగు వేసింది. మా ఆవిడ కర్ర కింద పెట్టి ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు.

నర్స్ గారూ, వచ్చే నెల అమ్మ వస్తోంది, యూపీఎస్ కొన్నాను. లెక్కల మనిషి గారూ, ఆ పాత లైను మీద ఈ ఇంట్లో ఉన్నవాళ్లు కోవిడ్ రెండేళ్లు గడిపారని అమ్మినాయన చెప్పారు, మీకు చెప్పాలనిపించింది.

జాయింటర్ గారూ, బయటికి లాగిన రాగి కేబుల్ ముక్క ఒకటి మీ కోసం ఉంచాను.

కేబుల్_జాయింటర్ · శనివారం మధ్యాహ్నం 2:41

చాలా సంతోషం బాబూ. అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పు. ఆ ముక్క పైతొడుగు కాస్త చీల్చి చూడు, లోపల తీగల రంగులేమిటి?

కొత్తిల్లు_మెల్‌బోర్న్ · శనివారం మధ్యాహ్నం 2:55

ఒక తీగ తెలుపు, ఒకటి నీలం.

కేబుల్_జాయింటర్ · శనివారం మధ్యాహ్నం 3:02

తెనాలిలో కూడా మొదటి పెయిర్ రంగులు అవే. దాచిపెట్టు, ఈసారి మెల్‌బోర్న్ వచ్చినప్పుడు తీసుకుంటాను.